కత్తెర తెరవలేని చేయి

ఆ రోజు పట్టు జాకెట్టు ముక్క కత్తిరిస్తున్నాను. కత్తెర మూసుకుంది. మళ్లీ తెరవబోతే కుడిచేతి బొటనవేలు పైకి లేవలేదు. ఎదురుగా మిషను మీదున్న నా తోడికోడలు సుజాత లేచి వచ్చి, "ఇలా ఇవ్వక్కా" అని కత్తెర తీసుకుంది.

విజయవాడ గవర్నర్‌పేటలో మా ఇద్దరిదీ ఒకటే టైలరింగ్ షాపు. కటింగు నాది, కుట్టు తనది. పెళ్లయి చల్లపల్లి నుంచి వచ్చిన తనకు పని నేర్పింది నేనే.

నా మోచేతి దగ్గర మెత్తటి గడ్డలు ఎప్పటినుంచో ఉన్నాయి. "కొవ్వు గడ్డలేనమ్మా, భయం లేదు" అని మా వీధి డాక్టరుగారు అంటే వదిలేశాను. కొన్ని వారాల్లో మిగతా వేళ్లూ వాలిపోయాయి. అప్పుడు న్యూరాలజిస్టు నరం పనితీరు చూసే నెర్వ్ కండక్షన్ టెస్టు, ఎంఆర్ఐ చేయించారు. "ఇవి లైపోమాలు, అంటే కొవ్వు గడ్డలే, క్యాన్సర్ కాదు. కానీ లోపల ఒకటి నరాన్ని నొక్కేస్తోంది. ఇంకా ఆలస్యమైతే వేళ్లు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు" అన్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కట్టు విప్పాక కూడా వేళ్లు లేవలేదు. "నరం బాగా నలిగిందండీ. కోలుకోవడానికి నెలలు పడుతుంది" అన్నారు సర్జన్.

వాలిన వేళ్లను నిలబెట్టే స్ప్లింటు వేసుకుని షాపులో ఊరికే కూర్చునేదాన్ని. సుజాతే కత్తిరించేది. ఏళ్లుగా నా దగ్గరికే వచ్చే టీచరుగారు ఒకరు కొత్త జాకెట్టు వేసుకుని, "ఈసారి మెడ భలే కుదిరింది. ఇకమీదట సుజాతగారే కట్ చేయాలండీ" అన్నారు. మెడ నిజంగానే కుదిరింది, అదే నన్ను కాల్చింది.

ఆ సాయంత్రం సుజాత నాకు జడ వేస్తుంటే తల విదిలించుకున్నాను. "చాల్లే, పేరంతా నీకే వచ్చిందిగా."

తను దువ్వెన పక్కన పెట్టింది. "రేపు ఫిజియోథెరపీకి నేనూ వస్తానక్కా."

"షాపెవరు చూస్తారు?"

"మూసేద్దాం."

ఫిజియోథెరపీలోనూ అసూయే. నా తర్వాత చేరినాయన వేళ్లు ముందే లేచాయి. అందరూ మెచ్చుకుంటుంటే నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. చాలాకాలానికి ఒకరోజు నా బొటనవేలు రవ్వంత కదిలింది. నేను చూడనే లేదు. "అక్కా, లేచింది. మళ్లీ లేపు" అంది సుజాత. లేపాను. తను ఏడ్చింది.

ఇప్పుడు కటింగు మళ్లీ చేస్తున్నాను. చూపుడువేలు ఇంకా కాస్త వెనకబడుతుంది, మందపాటి గుడ్డైతే తనకే ఇస్తాను. టీచరుగారు మాత్రం ఇప్పటికీ సుజాతనే అడుగుతారు. నాకు ఇప్పటికీ మండుతుంది.

చేతిలో గడ్డ ఉండి, ఒక్క వేలు బలహీనపడినా సరే, నరం పరీక్ష చేయించమని డాక్టరును మీరే అడగండి. నొప్పి వచ్చేదాకా ఆగకండి. నాకు నొప్పి రానేలేదు.