ఉరుకుందమ్మ చదవని పేరా

పన్నెండేళ్లు నిండేసరికి ఉరుకుందమ్మ ఆరు సుగ్గులు చూసింది. పెద్దకడుబూరు పక్క పల్లెల్లో సుగ్గి అంటే మిరపకాయల కోతకు వలసపోవడం. పత్తి ఏరడం అయిపోగానే ఇళ్లకు తాళాలు వేసి, గిన్నెలూ దుప్పట్లూ పిల్లలనూ లారీకెక్కించుకుని గుంటూరు దిక్కు పోతారు. తిరిగి రావడం ఉగాదికే. ఆ మూడు నాలుగు నెలలూ బడిలో పిల్ల పేరు ఉండేది, పిల్ల ఉండేది కాదు. వచ్చాక మళ్లీ మొదటికే. తెలుగు ఎట్లాగో కూడబలుక్కుని చదివేదాకా వచ్చింది. ఇంగ్లీషులో అక్షరాలు తెలుసు. వాటిని కలపడం తెలియదు.

రెండేళ్ల కింద సుగ్గిలోనే ఆమె తమ్ముడు బసవరాజు జ్వరమొచ్చి పోయాడు. అయిదేళ్లవాడు. చేను నుంచి ఆస్పత్రికి పోవడానికి బండి దొరికేసరికి తెల్లారింది. ఊరి పేరు కూడా సరిగా తెలియని చోట వాణ్ని పూడ్చి, మూడో రోజు మళ్లీ కోతకు దిగారు. తల్లి తిప్పమ్మ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కాని అన్నం పెట్టేటప్పుడు ఇప్పటికీ ఒక పళ్లెం ఎక్కువ తీస్తుంది. తీసి, తిరిగి బోర్లిస్తుంది.

ఈ జూన్‌లో తిప్పమ్మే కూతుర్ని తీసుకొచ్చి ఎమ్మిగనూరులో ఆడపిల్లల హాస్టలు బడిలో ఏడో తరగతిలో చేర్పించింది. అక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. తండ్రి మాదన్నకు ఇష్టం లేదు.

"పిల్ల రాకుంటే నా పక్క సాలు ఎవరు కోస్తారు? సదువు వస్తాందంటే ఉండనీ. రాలేదంటే ఈ సుగ్గికే లారీ ఎక్కిస్తా. పోయేటప్పుడు నేనే ఆడికి వచ్చి సదివించి సూస్తా" అన్నాడు.

"సూడు" అంది తిప్పమ్మ. అంతే అంది.

హాస్టల్లో మొదటి వారమే ఉరుకుందమ్మకు గుండె జారిపోయింది. పక్క పిల్లలు పుస్తకం చూస్తూ పరుగెత్తినట్టు చదువుతున్నారు. తనకు ప్రతి మాట దగ్గరా ఆగిపోవాల్సి వచ్చింది. నవ్వారు. ఆ నవ్వు కన్నా తండ్రి మాటే ఎక్కువ భయపెట్టింది. చేలల్లోకి మళ్లీ పోవడమంటే, తమ్ముణ్ని పూడ్చిన ఆ తెలియని ఊరి పక్కనుంచి పోవడమే.

ఆమెకు దేవుడిచ్చింది చెవి. అవ్వ దగ్గర భజన పాటలన్నీ విని నేర్చుకున్నదే. పక్క మంచం పిల్ల స్నేహ ఆదోని నుంచి వచ్చింది. వాళ్ల నాయన పంతులు. స్నేహకు ఇంగ్లీషు బాగా వచ్చు, బట్టలు ఉతకడమంటే మాత్రం ప్రాణం పోతుంది. ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. ఉరుకుందమ్మ ఇద్దరి బట్టలూ ఉతుకుతుంది. స్నేహ బండ మీద కూర్చుని పాఠం చదువుతుంది, తెలుగులో కత చెబుతుంది.

"ఏమే, నీకు బుర్ర చెవుల్లో పెట్టినాడేమే దేవుడు? నాలుగుసార్లకే వచ్చేసింది!" అని స్నేహ ఆశ్చర్యపోయేది.

"నువ్వు సదువు. సబ్బు అయిపోకముందే ఇంకోసారి సదువు."

దసరాకు ఎనిమిది పాఠాలు నోటికొచ్చాయి. స్నేహ ఎక్కడ పేజీ తిప్పుతుందో అక్కడ తనూ తిప్పడం నేర్చుకుంది. దసరా సెలవుల్లో ఇంటి ముందు కూర్చుని గడగడా చదివితే మాదన్న పక్కింటి ఉచ్చీరప్పను పిలిచి మరీ వినిపించాడు. "దొరసానిలాగా మాట్లాడతాంది సూడన్నా!" తిప్పమ్మ వాకిట్లో చాట పట్టుకుని నిలబడి, కూతురి నోటినే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు తట్టుకోలేక ఉరుకుందమ్మ పుస్తకంలోకి తల దించుకుంది.

సెలవుల తర్వాత ఇంగ్లీషు చెప్పడానికి ప్రేమలత మేడమ్ వచ్చింది. ఆమె అందరిచేత ఒక్కసారిగా చదివించదు, ఒక్కొక్కరినే లేపుతుంది. ఉరుకుందమ్మ వంతు వచ్చిన రెండుసార్లూ నోటికొచ్చిన పాఠమే పడింది. మేడమ్ "ఊఁ" అని కూర్చోమంది. ఆ "ఊఁ"లో ఏముందో తెలియక రెండు రోజులు అన్నం సయించలేదు.

డిసెంబరు ఆఖరి వారంలో ఒక పొద్దున, బడి గేటు ముందు లారీ ఆగింది. మాదన్న తలకు తువ్వాలు చుట్టుకుని మేడమ్ గదికి వచ్చాడు. లారీలో దుప్పట్ల మూటల మధ్య తిప్పమ్మ కూర్చుని ఉంది. దిగలేదు.

"ముందరుండే బండ్లు అప్పుడే కర్నూలు దాటినాయి మేడమ్. మా మేస్త్రి మారెప్ప ఒకటే తొందర పెడతాండాడు. పిల్ల సదివేది ఒకసారి ఇని పోతాను" అన్నాడు.

ప్రేమలత ఉరుకుందమ్మను పిలిపించింది. "ఆరో పాఠం తియ్యి. అది ఇంకా నేను చెప్పలేదు. చెప్పని పాఠం చదివితేనే చదువు వచ్చినట్టు."

ఉరుకుందమ్మకు ఊపిరి వచ్చింది. ఆరో పాఠం స్నేహ ఎన్నోసార్లు చదివింది. పుస్తకం పట్టుకుని మొదలుపెట్టింది. ఒక్క చోటా తడబడలేదు. రెండు పేజీలు తిప్పింది. ముగించి తలెత్తింది. మాదన్న ముఖం వెలిగిపోతోంది. మేడమ్ మాత్రం పుస్తకం వైపే చూస్తోంది.

"బాగుందమ్మా. ఇంతకీ కత ఏందో నాకు తెలుగులో సెప్పు" అన్నాడు మాదన్న.

"ఒక ముసలామె మేక తప్పిపోయింది నాయినా. ఊరోళ్లంతా ఎతికినారు. ఆమె ఏడ్సింది. తర్వాత అందరూ నవ్వుకుంటా ఇండ్లకు పోయినారు."

మాదన్న మేకలు కాసినవాడు. "మేక దొరికిందా?"

ఉరుకుందమ్మ పేజీలు వెనక్కి తిప్పింది.

"అదేందే? మేక దొరక్కుండా యాల నవ్వుతారు? యాడ దొరికింది?"

"పుస్తకంలో ఉంది. రెండో పేజీ కింద చూసి చెప్పు" అంది ప్రేమలత. గొంతులో కోపం లేదు. అదే ఉరుకుందమ్మను ఇంకా భయపెట్టింది. మేడమ్‌కు తెలిసిపోయింది.

రెండో పేజీ కింద ఒక పేరా ఉంది. ఆ పేరా ఎప్పుడూ విన్నది కాదు. అక్షరాలు కదలని చీమల్లా ఉన్నాయి. బయట లారీ హారన్ మోగింది.

"నాకు సదవడం రాదు నాయినా" అంది. "స్నేహ సదివితే ఇని నేర్సుకున్నా."

మాదన్న ముఖం మాడిపోయింది. "అంటే దసరాకు సదివింది? ఉచ్చీరప్ప ముందర?"

"అదీ అంతే."

"మీ అమ్మ ముందర కూడానా!" ఇక మేడమ్ వైపు చూడలేదు. "పెట్టె తీసుకో. పా."

ఉరుకుందమ్మ కదలలేదు. "ఈ ఒక్కటి నేనే సదువుతా. అయినాక తీసుకపో."

హారన్ మళ్లీ మోగింది. మాదన్న గుమ్మం దాకా వెళ్లి, "రెండు నిమిషాలన్నా!" అని కేకేసి అక్కడే నిలబడ్డాడు.

ఉరుకుందమ్మ వేలు పెట్టింది. ఒక్కో అక్షరం పలికింది. తప్పు కలిపింది, విడదీసింది, మళ్లీ కలిపింది. "గో... గోయాట్..." ప్రేమలత నోరు విప్పబోయి ఊరుకుంది. "గోట్. ద గోట్... వాజ్..." చెమట ముక్కు మీద నుంచి కాగితం మీద పడింది. తర్వాతి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయింది. మాదన్న అటూ ఇటూ కాళ్లు మార్చాడు. "అన్... అండర్. అండర్ ద... కార్ట్."

ఉరుకుందమ్మ తల పైకెత్తింది. "నాయినా! మేక బండి కింద ఉండాది!"

"బండి కిందనా?"

"ఊరంతా ఎతికి, ఆమె బండి కింద సూసుకోలేదు!"

మాదన్నకు నవ్వు రాబోయింది, ఆపుకున్నాడు. "ఇంతకుముందు గడగడా సదివితివి. ఇప్పుడు ఇన్నిసార్లు ఆగినావు. ఇదీ ఆ పిల్ల నేర్పిందే అయితే?"

"స్నేహ పుస్తకం తెప్పించండి" అంది ఉరుకుందమ్మ మేడమ్‌తో. ఎందుకలా అన్నదో ఆమెకే సరిగ్గా తెలియదు. ఈ పేరా స్నేహ ఎప్పుడూ ఎందుకు చదవలేదో చూడాలని మాత్రమే అనిపించింది.

స్నేహ పుస్తకం తెచ్చి, బిక్కముఖంతో నిలబడింది. రెండో పేజీ కింద చతురస్రంగా రంధ్రం ఉంది. "వెనక పక్క మేక బొమ్మ ఉండె మేడమ్. చార్టుకు అతికించడానికి జూన్‌లోనే కత్తిరించినాను" అంది.

మాదన్న ఆ రంధ్రంలో వేలు పెట్టి చూశాడు. తర్వాత కూతురి పుస్తకంలో ఆ చోటు మీద చెయ్యి పెట్టి చూశాడు. అక్షరాలు ఆయనకూ తెలియవు. కాని ఇక్కడ ఉన్నది అక్కడ లేదని మాత్రం తెలిసింది.

"మొదటిసారి ఇప్పుడే చదివింది అన్నా" అంది ప్రేమలత. "అయితే చాలా వెనకబడి ఉంది. ఒకటో తరగతి పుస్తకం నుంచి మొదలుపెట్టాల. పొద్దున్నే లేవాల. చిన్నపిల్లలతో కూర్చోవాల. సిగ్గుపడితే కుదరదు."

"కూర్సుంటా" అంది ఉరుకుందమ్మ.

మాదన్న తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "మీ అమ్మకు ఏం సెప్పమంటావు?"

"ఉన్నదే సెప్పు. సదవడం రాదని సెప్పు. నేర్సుకుంటాండానని సెప్పు."

ఆయన పెట్టె మాట ఎత్తకుండా ఒక్కడే గేటు దాటాడు. ఉరుకుందమ్మ కిటికీ ఊచలు పట్టుకుని చూసింది. లారీ పక్కన నిలబడి తండ్రి చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. తల్లి వింటోంది. ముఖం ఇటు తిప్పలేదు. చివరికి తన పక్కన కూతురికని ఖాళీగా ఉంచిన చోటులోకి ఒక దుప్పటి మూట జరిపి, దాని మీద చెయ్యి వేసి కూర్చుంది. లారీ కదిలింది.