మా మరిది, తెల్లపిల్లి గోళ్లు

మా మరిది పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను కర్దనూర్‌లో ఇంటి ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. ఫోన్ చేసింది ఆయన కొడుకే.

"పెద్దమ్మా, నాయిన పోయిండు" అని ఏడ్చాడు.

నేను ఏడవలేదు. "తెల్లపిల్లికి గోర్లున్నయా, తీసేసిన్రా?" అని అడిగాను. వాడు ఏడుపు ఆపి "ఏంది?" అన్నాడు. "ఉన్నయా లేవా, ముందుగాల అది చెప్పు" అన్నాను.

"ఉన్నయి పెద్దమ్మా."

అప్పుడు ఫోన్ పక్కన పెట్టి ఏడ్చాను.

చావు కబురు చెబితే పిల్లి సంగతి అడిగిందట ముసలిది అని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. వేసుకోనివ్వండి. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మాటలను పుస్తకానికి తగ్గట్టు సర్దుకోమన్నాను గాని, నా కోపాన్ని సర్దొద్దని గట్టిగా చెప్పాను. చదివే మీకు ముందే చెబుతున్నాను, చల్లార్చుకోవడానికి ఇది చెప్పడం లేదు.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మరిది లాగు జారిపోతుంటే పట్టుకుని తిరిగే పిల్లవాడు. నా కొంగు పట్టుకునే పెరిగాడు. పెద్దయ్యాక గడ్డపోతారంలో మందుగోలీల పొడి తయారుచేసే ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. అక్కడ జల్లెడ మిషన్ ఆయన కుడిచేతి మూడు వేళ్లను మొదటి కణుపు దాకా తీసుకుంది. చెయ్యి పోలేదు కదా, కొసలే కదా అన్నారు ఫ్యాక్టరీ వాళ్లు. గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

కొసలే! ఆ తరవాత మా మరిది అంగీ గుండీలు పెట్టుకోలేకపోయాడు. మెడలోంచి తొడుక్కునే బనియన్లే వేసుకునేవాడు. అన్నం కలిపితే ముద్ద నిలిచేది కాదు, సందుల్లోంచి జారేది. పెళ్లిళ్లకు వెళితే అందరూ లేచాక ఆఖరి బంతిలో, గోడ వైపు తిరిగి తినేవాడు. అయినా మనిషి నవ్వు మానలేదు. నేను చిక్కుడుకాయలు ముందేసుకుంటే వచ్చి కూర్చునేవాడు. ఈనె వేళ్లకు దొరకదు, పళ్లతో తీసేవాడు.

"ఏమయ్యా, కూరగాయల కాడ మేకను కట్టేసినట్టున్నది" అనేదాన్ని.

"మేకకైన గడ్డముంటది వదినె, నాకు అది గూడ సక్కగ గీసుకోను వస్తలేదు" అనేవాడు.

చలికాలం వస్తే లేని కొసలు దురద పెట్టేవట. గాలిలో గోక్కునేవాడు. "లేని వేలు ఎట్ల గోకాల్నో జెర చెప్పు వదినె" అని తనే నవ్వేవాడు. ఒక్క మాట మాత్రం నవ్వకుండా అనేవాడు. "పనంత కొసలల్లనే ఉంటది వదినె. మిగిలిందంత కట్టె."

ఆ గేటు దగ్గరే ఆయనకు చారల పిల్లి దొరికింది. కళ్లు సరిగా తెరవని కూనను టిఫిను సంచిలో పెట్టుకుని వచ్చాడు. కొట్టం గుంజకు గోనెసంచి చుట్టి దారంతో బిగించాడు, అది గోళ్లు గీరుకోవడానికి. పొద్దున్నే పిల్లి లేచి ఆ సంచికి గోళ్లు దిగేసి, నడుము వంచి, తోక దాకా సాగేది. మా మరిది చాయ్ గ్లాసు పట్టుకుని దాని ముందే కూర్చునేవాడు. "సూడు వదినె, వేళ్లతోని ఒళ్లంత తెరుస్తున్నది" అనేవాడు. పట్టుకోగల చేతిని అంత ఇష్టంగా చూసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నా తోటికోడలు పోయాక కొడుకు ఆయనను పటాన్‌చెరులో ఫ్లాట్‌కు తీసుకుపోయాడు. పిల్లి కూడా వెళ్లింది. అక్కడ కొత్త సోఫా ఉంది. మా మరిది బాల్కనీ కడ్డీకి గోనెసంచి చుడితే కోడలు ఆ సాయంత్రమే విప్పి పడేసింది, వచ్చేపోయేవాళ్లు చూస్తే పరువు పోతుందని. గోనె లేకపోతే పిల్లి ఏం చేస్తుంది? సోఫా చూసుకుంది.

గోళ్లు తీయించాలని కోడలు దాన్ని సర్కారు పశువుల దవాఖానాకు పట్టుకెళ్లింది. అక్కడి డాక్టరు చెయ్యనన్నాడు. పిల్లి గోరు ఎముకలోంచి మొలుస్తుందట. అది మళ్లీ రాకుండా తీయాలంటే కణుపు దాకా వేలు కొయ్యాలట. సోఫా కోసం అట్లా చెయ్యడం తప్పని చెప్పి పంపాడు. వింటే బాగుండేది. మా మరిది దమ్ము ఎక్కువై, ఊపిరాడక ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఎవడినో వెతికి ఆ పని చేయించారు. వాడెవడో నాకు చెప్పడం లేదు. చెబితే వాడి గుమ్మం ముందు కూర్చుంటానని వాళ్లకు తెలుసు.

నేను వెళ్లి నిలదీస్తే కోడలు ఏమందో వినండి. ఆ పిల్ల పుట్టిల్లు గుమ్మడిదల వైపు. వాళ్లది కోళ్ల ఫారం.

"మా ఫారంల కోడిపిల్లల ముక్కులు మిషన్ తోని కోస్తం అత్తమ్మా. ఏమైతది? తెల్లారి సంది మేత తింటయి. దీనికే ఇంత రాద్ధాంతమా?"

"అవి ఒకదాన్నొకటి పొడుచుకుంటయని కోస్తరు. ఇది ఎవల్ని పొడిసింది?"

"సోఫా సూడున్రి."

"సోఫాకు పానం ఉన్నదా?"

"మీరు ఎడ్లకు ముక్కుతాడు కుట్టలేదా మరి?"

"కుట్టినం. ఆ ఎద్దు తోని మేం గూడ ఎండల నడిసినం, అది పండించింది తిన్నం. ఆ పాపం మోస్తం. నువ్వేం తిన్నవ్ బిడ్డా ఈ పిల్లి వేళ్లు కోసి? సోఫాల దూదా?"



మా మరిది ఆసుపత్రి నుంచి వచ్చేసరికి పిల్లి నిప్పుల మీద నడిచినట్టు నడుస్తోంది. ఇసుక తట్టలో కాలు పెడితే నొప్పి, అందుకని ఆ సోఫా మీదే ఉచ్చ పోయడం మొదలుపెట్టింది. గీరడానికి గోరు లేక కొరకడం నేర్చింది. ఒకనాడు మనవడిని కొరికిందని దాన్ని కింద బండ్లు నిలిపే చోటికి తోలేశారు. కుక్కలు వెంటపడ్డాయి. మా మరిది బాల్కనీలోంచి చూస్తూనే ఉన్నాడు. దమ్ము మనిషి, మెట్లు దిగి వెళ్లేలోపు అయిపోయింది.

ఆ సంగతి నాకు కర్దనూర్‌లో మా ఇంటికి వచ్చి చెప్పాడు. చెబుతూ చెబుతూ లేచి, మొండివేళ్ల చెయ్యి గోడకు ఆనించి కిందికి జార్చాడు. "గోడ మీదికి చేతులు అందినయి వదినె. పట్టుకునేటిది లేకపాయె."

కొడుకును తిట్టలేదట. ఒక్కటే అన్నాడట. "నా వేళ్లు మిషన్ తీసింది. మిషన్‌కు తెల్వది. నీకు తెలుసు గద బిడ్డా." ఆ తరవాత వాడితో మాట్లాడలేదు.

మనవడు పిల్లి కావాలని ఏడుస్తున్నాడని సిటీ నుంచి తెల్లపిల్లి కూనను తెచ్చారు. ఈసారి చిన్నప్పుడే గోళ్లు తీయిస్తే నొప్పి తెలియదని ఆ మాట మా మరిది మంచం పక్కనే అనుకున్నారు. నేను చూడబోయినప్పుడు ఆయనకు మాట సగమే వస్తోంది. "దీని గోర్లు పోనియ్యకు వదినె" అన్నాడు.

"పోనియ్య" అన్నాను.

ఆయన నన్ను అడిగింది బతుకు మొత్తంలో అదొక్కటే.

మా వైపు మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి ఎడంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే మనసు నిండిందని అర్థం. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని, దాన్ని తీరుస్తామని బంధువులు ఒక్కొక్కరు మాట ఇస్తారు.

ఊళ్లో మా చెలక గట్టు మీద విస్తరి వేశాం. మాంసం, గారెలు, కల్లు, బీడీ కట్ట. పిట్ట రాలేదు. కోడలి అన్న "మామా, పిల్లగాన్ని మంచిగ సదివిస్తం, రా" అన్నాడు. రాలేదు. కొడుకు "నాయినా, ఏటేటా చేస్త, రా" అన్నాడు. రాలేదు. ఎండ ఎక్కింది. మగవాళ్లు గొణగడం మొదలుపెట్టారు.

"కాకులు ఏడున్నయి అత్తమ్మా, ఈ ఫ్యాక్టరీల కంపుకు ఎప్పుడో పోయినయి. నీళ్లు సల్లి పోదాం" అంది కోడలు.

"మీ మామ కోరిక ఏందో నాకు తెలుసు" అన్నాను. నా గొంతు పెద్దది. అందరూ తిరిగారు. అప్పుడు చారల పిల్లి సంగతి మొదటి నుంచి చెప్పాను. గోనెసంచి విప్పినప్పటి నుంచి గోడ దగ్గర జారినదాకా. కోడలి అన్న ముందు, ఆడబిడ్డల ముందు, మా ఇంటిపేరు పాలోళ్ల ముందు. చెప్పి, కొడుకు ముందు నిలబడ్డాను.

"విస్తరి ముందట వంగు. తెల్లపిల్లి గోర్లు తియ్యనియ్య, ఇంక ఏ జీవం వేళ్లు కొయ్యనియ్య అను."

"పెద్దమ్మా, ఇంటికి పొయ్యి మాట్లాడుకుందాం..."

"ఇంట్ల మాట్లాడితే మీ నాయిన ఇంటడా?"

"పిల్లి కోసం ఇందరిల ఇజ్జత్ తీస్తరా?" అంది కోడలు.

"గోడ కాడ దాని ఇజ్జత్ ఎవలు తీసిన్రు? అంటవా, పొద్దుగూకేదాక ఎండల నిలవడతవా? నాకు ఇంట్ల పొయ్యి మీద ఏం లేదు."

ఆడబిడ్డలు కొంగులు నెత్తిన కప్పుకుని వాడి వైపే చూశారు. చివరికి కోడలి అన్నే, కోళ్ల ఫారం మనిషే, "అనుర్రి బావా, ఆకలైతున్నది" అన్నాడు. కొడుకు వంగాడు, అన్నాడు. వినబడలేదు మళ్లీ అనమన్నాను. మళ్లీ అన్నాడు. కోడలితో కూడా అనిపించాను.

కాసేపటికి కరెంటు తీగ మీద నుంచి ఒక కాకి దిగి మాంసం ముక్క ఎత్తుకుంది. దానికి ఆకలైందో, మా మరిదికి మనసు నిండిందో నాకు తెలియదు. వాళ్లు మాత్రం నమ్మారు. నాకు అది చాలు.

దినాలు అయ్యాక ఫ్లాట్‌కు వెళ్లాను. పని ఉండి కాదు, చూడడానికి. సోఫాకు కొత్త బట్ట వేయించారు. పూల బట్ట. నేను కింద చాప మీద కూర్చున్నాను. తెల్లపిల్లి నిద్రలేచి వచ్చి, సోఫా చేతికి ముందుకాలు వేసి, గోళ్లు దిగేసి సాగింది. చర్ర్‌మంది. కోడలు చెయ్యి ఎత్తింది. నన్ను చూసింది. చెయ్యి దించింది.

"ఇంకింత చాయ్ పొయ్యి బిడ్డా. నాకేం జల్దీ లేదు" అన్నాను.

కొడుకు రిమోట్ తీసుకుని టీవీ చప్పుడు పెంచాడు. పిల్లి రెండో కాలు కూడా వేసింది.