జాకెట్టు ముక్కల కర్టెన్

రోజూ ఈ గ్రూపులో మీరు రాసినవి చదివి, ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకునేదాన్ని. ఈ రోజు సంతోషం పట్టలేక నేనే రాస్తున్నాను.

పేరంటాల్లో తాంబూలంతో ఇచ్చే జాకెట్టు ముక్కలు మా ఇంట్లో పెట్టెడు పేరుకున్నాయి. పలచనివి, కుట్టించుకోవడానికి పనికిరావు. ఒకరిచ్చినవి ఇంకొకరికి ఇస్తూ తిప్పుతుంటాం. ఈసారి తిప్పడం మానేసి, ముప్పై ఆరు ముక్కల్లో ఒక్కోదాని మూల నుంచి చదరం కత్తిరించి, అవన్నీ కలిపి హాలు గుమ్మానికి కర్టెన్ కుట్టాను. అడుగున పాత పట్టుచీర అంచు వేశాను.

ఈ రోజు పాలకొల్లు నుంచి మా పెద్ద ఆడపడుచు వచ్చారు. ఆవిడకు పట్టింపులెక్కువ. గుమ్మంలోనే ఆగిపోయారు.

“అమ్మవారి పేరు చెప్పి ఇచ్చిన గుడ్డలు గుమ్మానికి వేలాడదీశావా, సుబ్బలక్ష్మీ?”

అపచారం చేశానేమోనని భయమేసింది. ఇంతలో ఆవిడ వేలు ఒక చిలకపచ్చ ముక్క మీద ఆగింది.

“ఇది నేనిచ్చిందే కదూ?”

“అవునండి వదినగారూ. అంతకుముందు అది మీకు నేనే ఇచ్చాను. మూలన నేను పెట్టిన పసుపు చుక్క ఇంకా ఉంది చూడండి.”

ఆవిడ చుక్కను చూసి, నన్ను చూసి, పకపకా నవ్వేశారు.

“పోనీలే, ఇన్నాళ్లకి దీనికి ఊళ్లు తిరిగే బాధ తప్పింది.”

వెళ్లేముందు నెమ్మదిగా అన్నారు. “మా ఇంట్లోనూ పెట్టెడున్నాయే. నాకూ ఒకటి కుట్టిపెట్టు. గుమ్మానికి కాదు, దేవుడి గదికి.”

నా చేతి పని కావాలని ఆవిడ అడగడం ముప్పై ఏళ్లలో ఇదే మొదటిసారి.

మీ ఇళ్లలో ఎన్ని ముక్కలు తిరుగుతున్నాయో చెప్పండి. ఈ రాత మాత్రం మీ దగ్గరే దాచుకోండి, మా వదినగారికి చూపించకండి.