ఐర్లండు సినిమా చూసిన మర్నాడు

నేను టెక్కలిలో ఇంగ్లీషు పాఠాలు చెబుతాను. ఒక ఆదివారం ఉద్దానంలోని మా ఊరు వెళ్ళినప్పుడు, మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్నతో కలిసి ల్యాప్‌టాప్‌లో ఒక సినిమా చూశాను. ఐర్లండు వాళ్ళు ఇంగ్లీషు దొరల మీద చేసిన పోరాటం కథ. నాన్న జీడితోట రైతు, ఇంగ్లీషు రాదు. మాటలన్నీ నేనే తెలుగులో చెబుతూ వచ్చాను. పోలీసులు తలుపులు తోసుకుని ఇళ్ళు సోదా చేస్తుంటే ఆయన కదలకుండా చూశాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు మా ఊళ్ళోనూ అలాంటి సోదాలు జరిగాయి.

దొరలతో ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత, నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్నవాళ్ళు ఒకరిమీద ఒకరు తుపాకులెత్తారు.

"దొరలెల్లిపోనారు కదమ్మా. మరీళ్ళలో ఈళ్ళకేటొచ్చింది?"

"వచ్చింది సగం స్వాతంత్ర్యమే నాన్నా. ఇప్పటికిది చాలని కొందరు, మొత్తం వచ్చేదాకా ఆగేది లేదని కొందరు."

"మీ మావయ్యా నేనూ ఇలాగే ఇడిపోనాం," అన్నాడు. "ఇంక ఆపీయమ్మా."

మావయ్య అంటే అమ్మకు అన్న. కుర్రతనంలో ఇద్దరూ కలిసే రైతుల పోరాటంలోకి వెళ్ళారు, కలిసే జైల్లో ఉన్నారు. బయటికొచ్చాక నాన్న తోట చూసుకుంటానన్నాడు. అది లొంగిపోవడమే అన్నాడు మావయ్య. ఆపైన ఒకరి గడప ఒకరు తొక్కలేదు. అమ్మ పోయిన రోజున కూడా చెరోపక్కా నిలబడ్డారే గానీ పలకరించుకోలేదు.

మర్నాడు నాన్న నాచేత సెలవు పెట్టించాడు. "పలాస ఎల్దాం. మీ మావయ్యని సూసొద్దాం."

మావయ్య కిడ్నీలు పాడై అక్కడి ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. మేం వెళ్ళేసరికి చేతికి గొట్టాలతో పడుకుని ఉన్నాడు. నాన్నను చూసి లేవబోయాడు.

"ఏటి బావా, ఇటొచ్చినావు?"

"నిన్ను సూద్దామనే."

నాన్న మంచం పక్కన కూర్చున్నాడు. మావయ్యే అడిగాడు, "ఈయేడు జీడిపిక్కలెలాగున్నాయి?"

నాన్న ఊపిరి పీల్చుకున్నాడు. గాలివానకు పడిపోయిన జీడిచెట్ల గురించి, కొత్తగా వేసిన మొక్కల గురించి చెప్పాడు. మిషను తీసేదాకా అదే మాట. మధ్యలో రెండుసార్లు నాన్న ఏదో అనబోయి, పక్క మంచాల వాళ్ళను చూసి ఆగిపోయాడు.

"మల్లా వత్తాను."

"రా బావా. తీరుబడిగా మాటాడుకుందాం."

నాన్న మళ్ళీ బయలుదేరేలోగానే మావయ్య పోయాడు.

దహనం నుంచి తిరిగొస్తుంటే ఆటోలో నాన్న అన్నాడు: "నీదీ తప్పు కాదు, నాదీ తప్పు కాదు అని ఆడితో సెప్దామనుకున్నానమ్మా. దానికోసమే ఎల్లినాను. పిక్కల గురించి మాటాడి వచ్చీసినాను. ఇప్పుడీ మాట ఎవలికి సెప్పీది?"

నాకు చెప్పావు కదా అనబోయి ఊరుకున్నాను. వినాల్సింది నేను కాదు.