తెర ఆపేసే జీవానందం గారు

మా జీవానందం గారికి ఒక్కటే తెగులు. ఎవరి కంప్యూటరు కనబడినా తెర ఆపేస్తారు.

నెల్లూరులో మా ఆఫీసు ప్రభుత్వానికి వెబ్‌సైట్లు తయారుచేస్తుంది. చూపు లేనివాళ్ళు కూడా వాటిని వాడుకోగలరా లేదా అని పరీక్షించడం ఆయన పని. దానికి నియమాల పుస్తకం ఒకటుంది. చదివింది ఆయనొక్కరే. నేను చేరిన రోజే వచ్చి నా తెర ఆపి, మౌసు పీకి చొక్కా జేబులో వేసుకున్నారు. తోక బయట వేలాడుతోంది.

"ఇప్పుడు పేజీ తెరువు."

"ఏమీ కనపడటం లేదు సార్."

"కనపడాలని నేనడిగినానా?"

తరవాత అలవాటైపోయింది. మధ్యాహ్నానికల్లా ఆ జేబులోంచి నాలుగైదు తోకలు బయటికి వేలాడేవి.

ఆయన భార్య డెబోరా గారు ఓసారి చెప్పారు: "పెళ్ళికి ముందు నా ఫోటో పంపితే తిప్పి పంపేసినాడు. ముందు అమ్మాయిని మాట్లాడమనండి అన్నాడంట. మా నాయనకు గుండె ఆగినంత పనైంది."

మా గుండెలు ఆగింది మాత్రం సముద్రం హెచ్చరికల పేజీ ప్రారంభం రోజున. జీవానందం గారి పరీక్ష కాకముందే పేజీని పొద్దున్నే ఊళ్ళకు వదిలాం. పచ్చ పడవ బొమ్మ ఉంటే చేపల వేటకు పోవచ్చు, ఎర్ర పడవ ఉంటే పోకూడదు. ఆ రోజు ఎర్ర పడవ. హాలు నిండా జనం. పెద్ద తెర మీద ఆ పడవ కెంపులా మెరుస్తుంటే మా అధికారి సుశీల్ కుమార్ గారు మైకు అందుకున్నారు.

తెర చీకటైంది.

"కరెంటు పోయిందా?"

"లేదు సార్, తెర నేనే ఆపినాను," అన్నారు జీవానందం గారు. పేజీని చదివి వినిపించే తన ఫోను మైకు దగ్గర పెట్టారు. ఫోను చదివింది: "చిత్రం. చిత్రం. పేరు లేని బటన్."

సుశీల్ కుమార్ గారి మొహం కూడా ఎర్ర పడవలాగే అయింది. "చూపు లేనోళ్ళు వేటకు పోతారా ఏందయ్యా?"

జీవానందం గారు ఎవరికో ఫోన్ కలిపారు.

"కామాక్షక్కా, నువ్వేం పని చేస్తావో సార్‌కు చెప్పు."

మైకులోంచి ముందు అలల హోరు, తరవాత ఒక ముసలి గొంతు. "నాకు కళ్ళు లేవు నాయనా. ఒడ్డున కూచుని మా ఊరి పడవలకు వైర్‌లెస్‌లో గాలి కబురు చెప్తా. రోజూ తెల్లారగానే జీవానందమే ఫోన్ చేసి చదివి వినిపిస్తాడు. ఈరోజు చెయ్యలా."

"ఇక్కడ పనిలో పడ్డానక్కా. నేను చేసేదాకా పడవల్ని ఆపమన్నా గదా?"

"నీ పేజీ ఉందిగదా అని ఫోన్లో విన్నా. చిత్రం అనింది. గాలొచ్చేటట్టుంటే నోరు తెరిచి చెప్తారు గదా? పోండిరా అన్నా. నా కొడుకులూ పోయినారు."

జీవానందం గారు ఫోను మీదికి వంగారు.

"అక్కా, అది ఎర్ర పడవ. వెనక్కి పిలువు."

ఆమె పిలిచింది. ఒక్కొక్క పడవనూ పేరుపెట్టి, అన్నం వేళకు పిల్లల్ని కేకేసినట్టు పిలిచింది. అటునుంచి గరగరమంటూ ఒక్కో జవాబూ వచ్చింది. చివరి పడవ దగ్గర చాలాసేపు హోరు మాత్రమే వినిపించింది. సుశీల్ కుమార్ గారు మైకును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు.

"తిరిగినారు నాయనా, అందరూ. పెద్దోడు తిడతా ఉండాడు, వల సగంలో ఎత్తేసినామని."

ఆ సాయంత్రానికే ప్రతి బొమ్మ వెనకా ఫోను చదివే మాటలు చేరాయి. మర్నాడు కామాక్షమ్మ ఆఫీసుకే ఫోన్ చేసింది.

"బాగా చెప్తా ఉంది మీ పేజీ. గాలెంత, అలెంత, అన్నీ చెప్తా ఉంది. అయినా జీవానందం, నువ్వు పొద్దున ఫోన్ చెయ్యడం మానొద్దు. టీ తాగినావా అక్కా అని అది అడగదు."

"అట్లనేలే అక్కా," అంటూ ఆయన తల ఊపారు. జేబులోంచి సుశీల్ కుమార్ గారి మౌసు తోక కూడా ఊగింది.