పాట్ అంకుల్ గరాజు, రెండో చరణం

కిరసనాయిలు హీటరు వాసన ఈ రోజుల్లో ఎక్కడా తగలదు. మొన్న ఇక్కడ ఐర్లండులో, స్వోర్డ్స్ అనే ఊళ్ళో బస్సు కోసం నిలబడి ఉంటే, రోడ్డు తవ్వుతున్నవాళ్ళ రేకుల గదిలోంచి గుప్పున వచ్చింది. తడిసిన కోట్లూ, తుప్పూ, మరిగిన టీ, కిరసనాయిలూ అన్నీ కలగలిసిన ఆ వాసనకి, ఆఫీసుకి ఆలస్యమవుతోందన్న సంగతే మరిచిపోయి, చిన్నప్పుడు మేమున్న నేవన్ ఊళ్ళో, మా వీధి చివర పాట్ అంకుల్ గరాజులో, తిరగేసిన పాల క్రేటు మీద కూర్చున్న పదేళ్ళ పిల్లనైపోయాను. బస్సు వెళ్ళిపోయింది. పోతే పోయింది.

పాట్ అంకుల్ బస్సు డ్రైవరు. ఆ వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని ఉత్త పాట్ అనే పిలిచేవారు గాని, మా అమ్మ ఒప్పుకునేది కాదు. "అంత పెద్దాయన్ని పేరు పెట్టి పిలుస్తావా, కళ్ళు పోతాయ్!" అని గదిమేది. ఆయన భార్య మోరీన్ ఆంటీ. వాళ్ళ గరాజులో కారు ఉండగా నేనెప్పుడూ చూడలేదు. గోడల నిండా ఒకే ఒక్క రాక్ బ్యాండు పోస్టర్లు, మూల పాత రికార్డు ప్లేయరు, మధ్యలో ఆ హీటరు. శనివారం మధ్యాహ్నాలు ఆ బ్యాండు పిచ్చి ఉన్న నలుగురైదుగురు అక్కడ చేరేవారు, వాళ్ళలో మా నాన్న ఒకడు. ఒంగోలు మనిషికి ఐర్లండు బ్యాండు మీద అంత పిచ్చేమిటంటే, ఇంజనీరింగ్ హాస్టల్లో ఎవరో ఇచ్చిన క్యాసెట్టు అరిగిపోయేదాకా విన్నాడట. ఆ పాటలు పుట్టిన దేశంలో ఉద్యోగం దొరికిందని మురిసిపోయాడట.

ఆగస్టు చివర పొదల్లో బ్లాక్‌బెర్రీలు నల్లబడితే నేనూ మోరీన్ ఆంటీ చేతులు గీరుకుపోయేలా కోసుకొచ్చేవాళ్ళం. అమ్మ వాటిలో కారం వేసి పచ్చడి చేసి పంపితే, సోడా బ్రెడ్డు మీద రాసుకుని తిని, మొహం ఎర్రబడి, కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "గ్రాండ్, గ్రాండ్" అంటూనే పాట్ అంకుల్ ఇంకో ముక్క అందుకునేవాడు. హాలోవీన్ నాటికి ఎండు ద్రాక్ష బ్రెడ్డు కోస్తే అందులో అదృష్టానికని దాచిన ఉంగరం నాకే వచ్చేలా ఆంటీ ఏదో మాయ చేసేది. బయట వాన, రేకు తలుపు మీద దాని చప్పుడు, లోపల ఆ మగాళ్ళ వాదన.

వాదన ఎప్పుడూ ఒక్క పాట గురించే. ఆ బ్యాండు పాటలన్నిటిలోకీ పేరుపడ్డ పాట అది. రెండో చరణం చివర, రికార్డులో గాయకుడు "వాన వెలిసేదాకా నీతో ఉంటాను" అంటాడు. నాన్నకి అదే వేదం. పాట్ అంకుల్ మాత్రం, తను కుర్రాడిగా ఉన్నప్పుడు వానలో నిలబడి విన్న కచేరీలో గాయకుడు ఆ మాట మార్చి "వాన వెలిశాక కూడా నీతో ఉంటాను" అని పాడాడనీ, అసలు పాట అదేననీ పట్టుబట్టేవాడు. ఆ కచేరీలోనే ఆయనకి మోరీన్ ఆంటీ పరిచయమైంది. ఆవిడని సాక్ష్యం అడిగితే నవ్వేది. "నేను పాట విన్నానా? ఈయన మొహం చూస్తూ ఉండిపోయా. అయినా ఈ దేశంలో వాన వెలిసిందెప్పుడు గనుక? రెండూ ఒకటే!" అనేది. అందరూ నవ్వేవారు, మళ్ళీ రికార్డు మొదటికి పెట్టేవారు.

నాన్న పని చేసే మందుల ఫ్యాక్టరీలో, చేసిన ప్రతి పనీ అప్పటికప్పుడు రాసి సంతకం పెట్టాలి. రాయని పని చెయ్యని పని కిందే లెక్క. పగలంతా ఆ లెక్కలో బతికిన మనిషి ఇంటికొచ్చాక మాత్రం ఎలా మారతాడు? ఒక శనివారం కొత్తగా వచ్చిన ఇద్దరు అభిమానుల ముందు వాదన ముదిరింది. నాన్న రికార్డు అట్ట మీద అచ్చేసిన సాహిత్యం చూపించి, "ఇదిగో, ఇది రాసి ఉంది. నీ కచేరీ ఎక్కడ రాసి ఉంది? రాసి లేనిది జరిగినట్టు కాదు, పాట్" అనేశాడు. పాట్ అంకుల్ చేతిలో కప్పు కింద పెట్టాడు. "నా గరాజులో నేను అబద్ధాలకోరునా?" అన్నాడు మెల్లగా. నాన్న నవ్వబోయాడు, ఎవరూ నవ్వలేదు. ఆయన పెళ్ళికి నాంది పలికిన రోజునే మా నాన్న కాదన్నాడని నాకు పెద్దయ్యాక గాని బోధపడలేదు. ఆ తర్వాతి శనివారం మేం వెళ్ళలేదు. ఆ పై శనివారమూ వెళ్ళలేదు.

ఆ నెల తిరక్కుండానే మోరీన్ ఆంటీ వంటింట్లో కూలిపోయి, మరి లేవలేదు. ఆ కబురు విని నాన్న గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

ఇక్కడివాళ్ళు పోయిన మనిషిని పూడ్చేముందు ఇంట్లోనే పడుకోబెడతారు. ముందు గదిలో పెట్టె, చుట్టూ కుర్చీలు. వచ్చినవాళ్ళు వరసగా ఇంటివాళ్ళ చెయ్యి పట్టుకుని ఒక మాట చెప్పి, వంటింట్లో టీ తాగి, శాండ్‌విచ్ తిని, పోయినవాళ్ళ కబుర్లు చెప్పుకుని, సెలవు తీసుకుని మరీ వెళ్తారు. అదంతా మాకేం తెలుసు? నాన్న తిన్నగా పెట్టె దగ్గరికి వెళ్ళి దణ్ణం పెట్టాడు. చాలాసేపు గోడ పక్కన నిలబడ్డాడు. ఎవరో టీ ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు, మళ్ళీ ఇస్తే మళ్ళీ వద్దన్నాడు. నేను పాట్ అంకుల్ వైపు కదలబోతే అమ్మ నా భుజం పట్టుకుని, "చెప్పకూడదు, పద" అంది. చావింట్లో మంచినీళ్ళు ముట్టం, వెళ్ళొస్తామని అనం, ఇంటికొచ్చి తలస్నానం చేస్తాం. పాట్ అంకుల్ మమ్మల్నే చూస్తున్నాడు. మేం తలలు వంచుకుని బయటికొచ్చేశాం.

గరాజు తలుపు మరి తెరుచుకోలేదు. నాన్న శనివారాలు కిటికీ దగ్గర కూర్చునేవాడు. "ఆయనకింకా కోపం పోలేదే. పోనీలే, తగ్గాక తనే పిలుస్తాడు" అనేవాడు. దుకాణంలో ఎదురుపడితే ఇద్దరూ తలలూపి చెరో వరసలోకి తప్పుకునేవారు. ఏళ్ళు అలాగే గడిచాయి. నాన్న ఇంట్లో ఆ పాట పెట్టడం మానేశాడు. పోయిన చలికాలం నాన్న పోయాడు. నేవన్‌లో శవాన్ని ఉంచిన చోటికి ఫ్యాక్టరీవాళ్ళు వచ్చారు, తెలుగువాళ్ళంతా వచ్చారు, పాట్ అంకుల్ రాలేదు. "ఎంత పగరా బాబూ!" అని అమ్మ ఏడ్చింది.

బస్సు తప్పిన ఆ వారమే నేవన్ వెళ్ళాను. గరాజు తలుపు ఉన్నచోట గోడ కట్టి కిటికీ పెట్టారు, లోపల హైదరాబాదు కుర్రాళ్ళు ముగ్గురు అద్దెకుంటున్నారు. పోస్టర్లూ లేవు, రికార్డులూ లేవు. పాట్ అంకుల్ ఇంటి తలుపు తీసి, నన్ను గుర్తుపట్టి, లోపలికి రమ్మన్నాడు.

"వచ్చాను. మీ నాన్న పోయినప్పుడు గేటు దాకా వచ్చి వెనక్కి పోయాను" అన్నాడు. "మీ నాన్న నా మోరీన్ ముందు నుంచి ఒక్క మాట లేకుండా, ఒక్క గుక్క టీ తాగకుండా వెళ్ళిపోయాడమ్మా. ఒక పాట కోసం. అంత కోపం ఉన్నవాడి దగ్గరికి ఏ మొహంతో రాను?"

మా ఆచారం ఏమిటో ఆయనకి చెప్పాను. చావింటి నుంచి చెప్పకుండా వెళ్ళిపోవడమే మా మర్యాద అన్నాను. ఇంటికొచ్చి స్నానం చేసి నాన్న ఆ పూట అన్నం ముట్టలేదని కూడా చెప్పాను.

"ఎవరైనా నాకు చెప్పాల్సింది" అన్నాడు.

"ఈ దేశంలో నాన్న మనసులో మాట చెప్పుకున్నది మీ ఒక్కరితోనే, అంకుల్" అన్నాను.

ఒకే వీధిలో ఇద్దరు మనుషులు, ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ కూర్చుని, ఎదుటివాడి కోపం తగ్గాలని ఎదురుచూస్తూ ముసలివాళ్ళైపోయారు. ఇద్దరిలో ఎవరికీ కోపం లేదు.