చీమలు పట్టిన పెన్నులు

ఆ రోజుల్లో మా వైపు ఆడవాళ్ళకి దేన్నైనా పారేయాలంటే చెయ్యి వచ్చేది కాదు. మామిడిపండు తింటే తొక్క గేదెకి, టెంక ఎండబెట్టి పొయ్యిలోకి, చేతికంటిన రసం పక్కనున్న పిల్లాడి నోట్లోకి. నేను చదివింది మూడో తరగతి సగం వరకే గానీ, ఈ విద్యలో మాత్రం అందరికంటే ఒక ఆకు ఎక్కువే చదివాను. ఇప్పటికీ మా ఇంట్లో పిల్లలు సబ్బు అరిగిపోయిందని చెప్పడానికి భయపడతారు. (భయపడాలి కూడా.) అంతటి నా పొదుపు ఒకసారి పన్నెండు మంది మేష్టర్ల చొక్కాలకి చీమలు పట్టించింది. ఆ రోజు తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎవరితోనూ నా నోటితో చెప్పలేదు.

రెడ్డిగూడెం నుంచి నూజివీడుకి కోడలిగా వచ్చేనాటికి నాకు పంతొమ్మిదేళ్ళు. మావయ్య గారికి వడ్రంగి షెడ్డు ఉండేది. మంచం కోళ్ళు, మామిడికాయల పెట్టెలు, అదీ మా పని. మా ఇంటాయనకి మాత్రం (అప్పటికింకా నా మొహం చూసి మాట్లాడటం కూడా సరిగ్గా రాని మనిషి) పెట్టెలకి కోయగా మిగిలిన మామిడి చెక్క ముక్కల్ని లేతు మిషను మీద తిప్పి పెన్నులు చెయ్యాలని పిచ్చి. లోపల బజారు రీఫిల్లు, పైన ఆయన చెక్కిన చెక్క. మావయ్య గారికి అది గిట్టేది కాదు. "మంచం కోడు మీద మనిషి పడుకుంటాడ్రా. నీ పెన్ను మీద ఎవడు పడుకుంటాడు?" అనేవారు. ఈయన తల వంచుకుని ఇంకో ముక్క మిషనుకి బిగించేవారు.

అలా ఉండగా హైస్కూలు హెడ్ మాస్టరు గారు జూన్ నెలాఖరుకి రిటైరవుతున్నారని, ఆయనకొకటి, తక్కిన మేష్టర్లకి తలా ఒకటి, మొత్తం పన్నెండు పెన్నులు కావాలని కబురొచ్చింది. మావయ్య గారు తేల్చేశారు. "సరే, ఇవి చెయ్యి. పేరొస్తే ఈ పని నీది, నేను అడ్డం రాను. రాకపోతే మాత్రం ఇంక పెన్నుల ఊసెత్తకుండా కోళ్ళు పట్టు." ఆ పూట ఈయన అన్నం కూడా సరిగ్గా తినలేదు. అప్పుడే అర్థమైంది నాకు, ఆ మనిషికి జీవితంలో కావాల్సింది అదొక్కటేనని.

చెక్కడం ఆయన పని, నునుపు చేసి మెరిపించడం నా పని. మామిడి చెక్క మెత్తన, పైగా గుల్ల. గట్టిగా రుద్దితే గుంట పడుతుంది, అడ్డంగా రుద్దితే గీత పడుతుంది, తడి తగిలితే నూగు లేస్తుంది. "పసిపిల్లకి నలుగు పెట్టినట్టు రుద్దవే" అని మా అత్తయ్య గారు నేర్పారు. ముందు ముతక గరుకు కాయితం, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. అంతవరకూ బాగానే ఉంది. లక్కని స్పిరిట్లో నానబెట్టి చేసిన పాలిష్ పుయ్యడం మొదలుపెట్టాకే నాకు దిగులు పట్టుకుంది. పూసింది పూసినట్టే చెక్క తాగేసేది. "ఆరేడు పూతలు పడతాయి" అన్నారీయన గోడకేసి చూస్తూ. రెండు పూతలకే సీసా సగమైంది, నా ప్రాణమూ సగమైంది.

అదే వారం మా అత్తయ్య గారు చిన్న రసం మామిడిపళ్ళతో ఆ ఏటి ఆఖరి తాండ్ర పోస్తున్నారు. చాపల మీద రసం పోసి ఆరబెట్టడం, ఆరాక మళ్ళీ పొయ్యడం. గచ్చు మీద పడ్డ చుక్కలు ఎండిపోయి అద్దంలా మెరుస్తున్నాయి. బేసిన్ అడుగున రసం మిగిలింది. చెక్క గుల్లలు పూడాలి, రసం వృథా కాకూడదు. అదీ మామిడే, ఇదీ మామిడే, పరాయిదేం కాదు కదా అనుకున్నాను. పెన్నులకి రెండు పూతలు రసం పూసి, ఎండబెట్టి, పైన ఒక్క పూత పాలిష్ వేశాను. బంగారంలా వచ్చాయి. మావయ్య గారు ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "పిల్ల చేతిలో పనుంది" అన్నారు. "పాలిష్ ఇంత మిగిలిందేంటి?" అన్నారీయన. "పొదుపుగా పూశాను" అన్నాను. అబద్ధమేం కాదు.

హైస్కూల్లో వీడ్కోలు సభకి మా ఇంట్లో అందర్నీ పిలిచారు. ఆ రోజు పొద్దుటి నుంచీ సన్నగా జల్లు. ఆ చెమ్మకి తాండ్ర మెత్తబడుతుందని మా వైపు చంటిపిల్లకి కూడా తెలుసు, నాకే ఆ రోజు గుర్తు రాలేదు. హెడ్ మాస్టరు గారు తెల్లచొక్కా జేబులో పెన్ను పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. కాసేపటికి ఛాతీ గోక్కోవడం మొదలుపెట్టారు. దండలో పురుగుందేమోనని దండ తీసేశారు. అయినా గోకుడు ఆగలేదు. ఈలోగా ఎవరో సంతకానికి రిజిస్టరు తెచ్చారు. పెన్ను లాగితే దాంతోపాటు జేబు గుడ్డ కూడా వచ్చింది. సంతకం అయింది గానీ పెన్ను వేళ్ళని వదల్లేదు. ఆయన చెయ్యి ఒకసారి విదిలించి, మెల్లగా ముక్కు దగ్గర పెట్టుకుని, మైకు ముందే అడిగారు.

"ఇది చిన్న రసమా అండీ?"

దాంతో మేష్టర్లందరూ జేబుల్లోకి తొంగి చూసుకున్నారు. బారులు తీరి చీమలు. డ్రిల్లు మాస్టారైతే చొక్కా విప్పి దులుపుకుంటూ వరండాలోకి నడిచారు. "ఎవరయ్యా పాలిష్ చేసింది?" అన్నారు హెడ్ మాస్టరు గారు. నేను లేవబోయేలోపే మా ఇంటాయన లేచి నిలబడ్డారు.

"నేనేనండీ."

"ఏం పూశావు?"

"ఏదో... పూశానండీ." పాపం, ఏం పూశారో తెలిస్తేగా. ఈయన ఓరకంట నా వైపు చూశారు.

"తాండ్ర రసం అండీ" అన్నాను ఆడవాళ్ళ వరసలోంచి. "పూసింది నేను. ఆయనకి తెలీదండీ."

"ఇద్దర్లో ఎవర్ని బెంచీ ఎక్కించమంటారయ్యా?" అన్నారు హెడ్ మాస్టరు గారు. సభంతా నవ్వింది. మావయ్య గారొక్కరే నవ్వలేదు.

మర్నాడు పన్నెండు పెన్నులూ పేపర్లో చుట్టుకుని తిరిగొచ్చాయి. నేను షెడ్డులోకి వెళ్ళి, "మావయ్య గారూ, చెక్కడంలో లోపం లేదండీ, పూతలోనే ఉంది. ఆయన్ని మంచం కోళ్ళ పనిలో పెట్టకండి" అన్నాను. ఆయన గోనె పరిచి నా ఎదురుగా కూర్చున్నారు. ఇద్దరం తడిగుడ్డతో రసమంతా తుడిచి, ఆరబెట్టి, లేచిన నూగుని సన్న కాయితంతో తీసేశాం. పాలిష్ పూసేటప్పుడు నా చెయ్యి మళ్ళీ వెనకాడింది. "తాగనివ్వమ్మా. కడుపు నిండాక అదే చాలంటుంది" అన్నారు. నిజమే, ఏడో పూతకి తాగడం మానేసి పైన నిలబడింది. ఆ మెరుపు తాండ్ర మెరుపులా బడాయిగా లేదు, ఒద్దికగా ఉంది.

హెడ్ మాస్టరు గారికి నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. వాసన చూసి, "అయ్యో, రసం పోయిందే" అని కాస్త చిన్నబుచ్చుకుని, రాసి చూసుకుని, అల్లుడికొకటి చెయ్యమన్నారు. ఆ మాట ఇంటికొచ్చి చెప్తే మావయ్య గారు లేచారు. మా ఇంటాయన పక్కనున్న కోళ్ళ దుంగల్ని ఒక్కొక్కటే తన వైపు లాక్కున్నారు.

ఇన్నేళ్ళలో మా ఇంటాయన మీద నాకు కోపం రాని రోజు లేదు. ఫ్యాను ఆపరు, పంపు కట్టరు. గట్టిగా తిడదామని నోరు తెరుస్తాను, అంతలో అందరి ముందూ లేచి నిలబడి "ఏదో పూశానండీ" అన్న ఆ పిల్లాడు కళ్ళ ముందుకొస్తాడు. తిట్టు సగంలో ఆగిపోతుంది. ఎందుకు ఆగిపోతుందో ఆయనకి ఇప్పటికీ తెలీదు. తెలిస్తే నేను మరీ లోకువైపోతాను. అక్షరాలు ఆనడం లేదు, ఆయన కళ్ళజోడు మార్పిద్దామని పిల్లలు పోరుతున్నారు గానీ, ఈ కథ పత్రికలో అచ్చయి నాలుగు రోజులు గడిచేదాకా ఆగమన్నాను. ఖర్చు కదా అన్నాను. నమ్మారు.